అడవులదీవి గట్టు మీద పరజల కోసం

మోటారుసైకిలు గట్టు మొదట్లోనే ఆపండి. లైటు ఆర్పేయండి. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఉన్నచోటే నిలబడండి.

జనవరి నెల, తెల్లవారుజాము ఐదున్నర. అడవులదీవి ఊరు వెనకబడింది. ఎడంపక్క రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. కుడిపక్క మురుగుకాలువ, దాని నిండా జమ్ము. ముందు నల్లగా ఒక గీత కనిపిస్తోందే, అది మడ అడవి. దాని అవతల నిజాంపట్నం అఖాతం. గాలి ఉత్తరాన్నుంచి వస్తోంది గనుక సముద్రపు హోరు ఇక్కడిదాకా రావడం లేదు. ఉప్పు వాసన, కాలువ బురద వాసన మాత్రం వస్తున్నాయి.

మీతో ఒక బాబాయి నడుస్తున్నాడు. ఈ కాలువల్లో వలలు వేసి బతికిన మనిషి, అరవై దాటాయి. టార్చి ఒక్కసారి మీ మీదికి తిప్పి వెంటనే ఆర్పేశాడు.

"ఏంది బాబూ, తెల్ల చొక్కా ఏసుకొచ్చారు? కోసు దూరానికి కనపడతది. ఈ దుప్పటి కప్పుకోండి."

మట్టిరంగు దుప్పటి, పొగ వాసన కొడుతోంది. కప్పుకోండి. బాతుకు రంగులు బాగా తెలుస్తాయి. కదలిక ఇంకా బాగా తెలుస్తుంది. తెల్ల చొక్కా తొడుక్కుని కదలకుండా కూర్చున్నవాడి మీదుగా ఒక్కోసారి ఎగిరిపోతుందేమో గాని, ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని చెయ్యి ఊపినవాడి దగ్గరికి మాత్రం రాదు. బైనాక్యులర్ ఇప్పుడే మెడలో వేసుకోండి. సంచిలో పెట్టుకుంటే తీసేలోపు పిట్టలు లేచిపోతాయి. కొత్తవాళ్ళకు ఎనిమిది రెట్లు పెంచి చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లుండేది సరిపోతుంది. ఇంతకంటె ఎక్కువ పెంచేది కొంటే చెయ్యి వణికినప్పుడల్లా పిట్ట అద్దంలో గంతులేస్తుంది.

నడవండి. అడుగు ఆనించి, బరువు వేసి, తరువాతి అడుగు తీయండి. గట్టు మీద మట్టి మంచుకు జారుతోంది.

ఇంతకీ ఈ గట్టు ఎవరిది? రాకముందే తెలుసుకోవలసిన సంగతి ఇది. ఈ కాలువ గట్టు సర్కారుది, ఊరివాళ్ళంతా నడిచే దారి. ఎడంపక్క చెరువులు రైతులవి. వాటి గట్లు ఎక్కాలంటే కాపలా పాకలో ఉన్న మనిషిని అడగాలి. రొయ్య పిల్ల వేసినప్పుడు పరాయి మనిషి కాలు పెడితే జబ్బు వస్తుందని భయపడతారు, ఆ భయం వట్టిది కాదు. ముందున్న మడ రిజర్వు అడవి. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ రిజర్వు అడవులతోబాటు ఈ అడవులదీవి వైపుకూ విస్తరించి ఉంది. అభయారణ్యం లోపలికి పోవాలంటే, లోపల ఫొటో తీయాలన్నా సరే, అటవీశాఖ అనుమతి కావాలి. ఇవాళ మీరు మడ అంచుదాకానే వస్తున్నారు. తొలిరోజుకు అంచు చాలు. ఎక్కువ పిట్టలు కనిపించేదీ అంచులోనే.

"ఈడ కూకోండి. మాట్టాడబాకండి."

జమ్ము పలచబడి, గట్టు కొంచెం వంగిన చోటు. ఎదురుగా పడమటి దిక్కున పెద్ద నీటి మడుగు. బాబాయి ఈ చోటే ఎందుకు ఎంచుకున్నాడో చూడండి. కాసేపట్లో సూర్యుడు మీ వెనకనుంచి లేస్తాడు. వెలుగు పిట్టల మీద పడుతుంది, మీ ముఖం నీడలో ఉంటుంది. ఉత్తరపు గాలి మీ కుడి చెవికి తగులుతోంది. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగానే నీళ్ళ మీదికి దిగుతుంది. కాబట్టి దిగేవన్నీ ఎడమనుంచి కుడికి, పక్కవాటుగా మీ ముందునుంచే పోతాయి. మెడ, ముక్కు, రెక్క మీద పట్టీ అన్నీ కనిపిస్తాయి. ఎక్కడ కూర్చోవాలో ముందు గాలిని అడగాలి, తరువాత పొద్దును అడగాలి. తుపాకీ పట్టిన కాలంలో వేటగాళ్ళు చేసిన లెక్కే ఇది. ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తోంది.

వినండి. తలమీదుగా ఏదో పోతోంది. సన్నటి ఈల, ఒకదాని వెనక ఒకటి, తడబడుతున్నట్టు. చీకట్లో ఏమీ కనిపించదు. రాత్రంతా వరి కోసిన పొలాల్లో రాలిన గింజ ఏరుకుని తిరిగొస్తున్న చిన్న ఈలబాతులు అవి. ఈలబాతులు దూరదేశాలకు వలస పోవు, ఏడాదంతా మన దగ్గరే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట నేర్చుకోవలసిన గొంతు వాటిది. అది పట్టుబడితే చీకట్లోనూ ఒక జాతి పేరు చెప్పగలిగినట్టే.

ఆరు దాటింది. నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. మడుగు మధ్యలో గడ్డిదుబ్బులు అనుకున్నవి మెల్లగా కదులుతున్నాయి. దుబ్బులు కావు, పరజలే, అడవిబాతులే. వందలు.

బైనాక్యులర్ ఎత్తకండి. ముందు కంటితోనే చూడండి, మంద ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, మెల్లగా ఎత్తండి.

కుడివైపు కొసన చూడండి. మెడ పొడుగు, ఒళ్ళు సన్నం, తోక సూదిలా వెనక్కి సాగింది. మగదానికి గోధుమరంగు తల పక్కనుంచి తెల్లటి చార మెడదాకా దిగుతుంది. అది సూదితోక బాతు, పిన్‌టెయిల్. సైబీరియా వైపునుంచి మధ్య ఆసియా మీదుగా వస్తుంది. తల నీళ్ళలో ముంచి తోక పైకి లేపి నిలబడింది చూడండి. పొడుగు మెడ ఉంది కాబట్టి ఇలా తల ముంచి మేసే మిగతా బాతులకు అందని లోతులో గింజలు ఏరుకుంటుంది. దాని పక్కన తల వాల్చి నీళ్ళ మీద ముక్కు రాస్తూ పోతున్నది షవలర్. ముక్కు కొస పారలా వెడల్పు. రెండుమూడు షవలర్లు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి. ముందుది కెలికిన నీళ్ళలో పైకి తేలిన పురుగును వెనకది వడగట్టుకుంటుంది. ఆడవాటిని చూసి కంగారు పడకండి, వలస వచ్చే ఈ జాతుల్లో ఆడవి మట్టిరంగే. ముక్కు చూసి చెప్పండి.

ఆ చిన్నవి? కంటిమీదుగా తెల్లటి కనుబొమ గీసినట్టున్న మగపిట్ట గార్గనీ. అంత చిన్న ఒళ్ళుతో ఆసియా ఉత్తరాన్నుంచి దిగివచ్చి ఎండాకాలం మొదలవగానే తిరిగిపోతుంది. ఇక అటు పక్క, జమ్ముకు ఆనుకుని జంటగా ఉన్నవి పెద్దవి. నల్ల ముక్కు కొసన పసుపు, మగదాని ముక్కు మొదట్లో ఎర్రటి చుక్కలు. అవి మచ్చముక్కు బాతులు, ఈలబాతుల్లాగే ఇక్కడివే. నల్లగా, నుదుట తెల్లబొట్టుతో మధ్యమధ్య కనిపిస్తున్న బొల్లికోళ్ళు మాత్రం బాతులు కావు. కొత్తవాళ్ళు వాటినీ బాతుల లెక్కలో కలిపేస్తారు. లేచేటప్పుడు తేడా తెలుస్తుంది. బొల్లికోడి నీళ్ళ మీద చాలా దూరం పరుగెత్తితే గాని గాల్లోకి లేవలేదు. సూదితోక, గార్గనీ ఉన్నచోటునుంచే నిట్టనిలువుగా లేస్తాయి.

ఇప్పుడు లెక్కపెట్టండి. ఒకటి, రెండు అంటూ పోతే మంద కదిలేసరికి లెక్క తప్పుతుంది. ఎడమ కొసనుంచి పది పిట్టలు ఎంచండి. ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకోండి. అంత మేరను మంద మీద వరసగా పేర్చుకుంటూ పోండి. పది పదులు అయితే వంద. మళ్ళీ కుడినుంచి ఎడమకు ఇంకొకసారి. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే నోటుబుక్కులో రాయండి. తారీకు, వేళ, చోటు, గాలి, జాతివారీ అంకెలు. విడదీయలేకపోయినవాటికి ఊహించి పేరు పెట్టకండి, "గుర్తుపట్టని బాతులు" అని విడిగా రాయండి. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, 1987లో మొదలైంది. ఆ గణనలో పాల్గొనేవాళ్ళలో చాలామంది మీలాంటి మామూలు జనమే.

"గద్ద," అన్నాడు బాబాయి, పెదవి కదపకుండానే.

జమ్ము మీదుగా, తాటిచెట్టు ఎత్తుకు కూడా రాకుండా, రెక్కలు కొంచెం పైకెత్తి తేలుతూ వస్తోంది. మెడలన్నీ ఒక్కసారి నిక్కాయి. ఒక్క క్షణం మడుగంతా నిశ్శబ్దం. ఆ వెంటనే నీళ్ళు పగిలాయి. వందల రెక్కలు ఒక్కసారి గాల్లోకి. ఛాతీకి తగిలే చప్పుడు. గార్గనీలు ఒక ముద్దగా వంగి మీ తలమీదుగా దూసుకుపోతున్నాయి, రెక్కల ముందుభాగం లేతనీలం మెరిసింది. సూదితోకలు పైకి, ఇంకా పైకి, సముద్రం వైపు. ఈలబాతులు మాత్రం ఒక చుట్టు తిరిగి, కాళ్ళు వేలాడేసుకుని, మళ్ళీ అక్కడికే దిగుతున్నాయి.

మీ గుండె గట్టిగా కొట్టుకుంటోంది. తుపాకీ పట్టినవాడి గుండె కూడా ఈ క్షణంలో ఇలాగే కొట్టుకునేది. వేటలోని ఆనందం ఇక్కడే ఉంది. ఇందులో దేన్నీ చట్టం మీకు కాదనలేదు.

పొద్దెక్కింది. బాబాయి తువ్వాలు పరిచి గట్టు మీద కూర్చున్నాడు. ఫ్లాస్కులో టీ తెచ్చాడు. ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

బాతులవేట చాలా దేశాల్లో చట్టం ఒప్పుకున్న పనే. అమెరికాలో సర్కారు భూముల మీద వేటాడడానికి కొత్తగా పోయేవాళ్ళకు పెద్దలు నేర్పే పాఠం మీరు ఇందాక నేర్చుకున్నదే. తెల్లారకముందే చేరాలి, గాలి చూసి కూర్చోవాలి, ఏ జాతో తేల్చుకోకుండా ట్రిగ్గరు నొక్కకూడదు. అక్కడ ఒక్కో జాతికి ఒక్కో పరిమితి ఉంటుంది మరి. పదహారేళ్ళు నిండిన ప్రతి వేటగాడూ ఏటా ఫెడరల్ డక్ స్టాంపు కొనాలి. 1934లో మొదలైన ఈ స్టాంపు డబ్బులో డాలరుకు 98 సెంట్లు బాతులు బతికే తడినేలల్ని కొని కాపాడడానికే పోతాయి. సీసం గుళ్ళు నీళ్ళలో పడి, గింజలనుకుని మింగిన బాతులు విషమెక్కి చస్తున్నాయని 1991నుంచి దేశమంతటా బాతులవేటలో సీసం మానిపించారు. ఆ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. పిట్ట కావాలన్నవాడే నేలకు డబ్బు కట్టాలి.

మన దేశంలో కథ వేరుగా నడిచింది. భరత్‌పూర్‌లో 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన వేటలో ఒక్కరోజున 4,273 పిట్టల్ని కొట్టారు. ఆ అంకె అక్కడ రాతిపలక మీద చెక్కి ఉంది. అదే చోటు 1982లో జాతీయ ఉద్యానం అయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో సరదా వేటకు తలుపు పూర్తిగా మూసుకుంది. ఈ చట్టం కింద తుపాకీ పేలిస్తేనే నేరం అనుకోకండి. వల కట్టడం, ఉచ్చు వేయడం, మందు పెట్టడం, అందుకోసం తరమడం, గూళ్ళు పాడుచేయడం, అన్నీ వేట కిందికే వస్తాయి. 2022 సవరణ జరిమానాలు పెంచింది. అభయారణ్యంలో వేటాడితే మూడునుంచి ఏడేళ్ళ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా.

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు.

"మా నాయనోళ్ళు ఏసేవోళ్ళు బాబూ వల. అబద్ధం ఎందుకు. పొద్దుగూకే ఏళ గుంజలు పాతి కడితే తెల్లారేసరికి పడేయి. ఇంటికి రెండు, సంతకు నాలుగు. అప్పుడు నీళ్ళెక్కువ, మనుషులు తక్కువ. ఇప్పుడు అట్టా కాదు. గుళికల మందు వడ్లకు పట్టించి చల్లుతున్నారు కొందరు. దాంతో కొంగ చస్తది, కుక్క చస్తది, తిన్న మనిషి కడుపులోకీ పోద్ది."

ఈ మాట గట్టిగా వినండి. డెల్టాలో దొంగవేట ఇంకా ఉంది. కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఉంది. వల కట్టినవాడు చాలాసార్లు పూట గడవని పేదవాడు. కారు ఆపి, ప్లేటుకు ఇంత అని ఇచ్చి, అడవిబాతు కూర తిన్నామని చెప్పుకునేవాడు పేదవాడు కాదు. తప్పు తూకం వేస్తే నా లెక్కలో కొన్నవాడి వైపే తక్కెడ వంగుతుంది.

లేవండి, అంచుదాకా పోదాం. ఆటు తీస్తోంది. మడచెట్ల మొదళ్ళ చుట్టూ శ్వాసవేళ్ళు మేకుల్లా నిలబడ్డాయి. చెప్పులు లేకుండా దిగితే కాలు కోసుకుంటుంది. బాబాయి చెయ్యి చాపి ఒక కొమ్మను అడ్డుకున్నాడు. తిల్ల చెట్టు. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. బురదలో పిల్లి అడుగులు, ఇంటిపిల్లివి కావు, పెద్దవి. చేపలు పట్టుకు తినే బావురుపిల్లి రాత్రి ఇటు వచ్చింది. కృష్ణా మడ అడవులు ఆ జంతువుకు ఉన్న మంచి ఆశ్రయాల్లో ఒకటి. నీళ్ళు తగ్గిన బురదమేట మీద ఉల్లంకి పిట్టలు ముక్కులు గుచ్చుతూ పరుగులు పెడుతున్నాయి. దూరాన అఖాతం మీద నల్లటి పలుచని చార తేలుతోంది. బైనాక్యులర్ పెట్టండి. ఉదయం గద్దకు లేచిపోయిన సూదితోకలే, ఎవరూ రాని ఉప్పునీళ్ళ మీద పగలంతా నిద్రపోతున్నాయి.

ఆ అఖాతం వైపే చూడండి. డచ్చివాళ్ళు 1606లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో సరుకు కోసం ఓడలు దింపిన తీరం ఇదే. పెటపోలి అని రాసుకున్నారు నిజాంపట్నాన్ని. ఆ రేవు వ్యాపారం పోయింది. 1977 నవంబరు 19న ఉప్పెన ఈ కృష్ణా ముఖద్వారాన్ని ముంచింది. మడ దట్టంగా ఉన్నచోట అల ఉరవడి తగ్గుతుందని తీరం మనుషులకు పుస్తకాలు చదవకుండానే తెలుసు.

తిరిగి వచ్చే దారిలో చెరువుల్ని చూడండి. ఒకదాని మీద అడుగడుగునా దారాలు లాగి కట్టారు, కాకి, కొంగ దిగకుండా. జబ్బుపడిన రొయ్యను కాకి ఎత్తుకుపోయి పక్క చెరువులో పడేస్తే తెల్లమచ్చ తెగులు పాకుతుందని రైతు భయం. లక్షలు పెట్టినవాడు పిట్టను చూసి బెదరడంలో వింత లేదు. కాని ఈ చెరువులు లేనప్పుడు ఇక్కడ ఏముండేది? బీడు, ఉప్పుపర్ర, పశువులు మేసే పోరంబోకు, వానకు నిండే లోతట్టు. మడ అడవులు, తడినేలలు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పింది. తీరం పొడుగునా ఈ తీర్పు చదివినవాళ్ళు ఎంతమందో గాని, ప్రతి ఊరి పంచాయతీలోనూ ఒక ప్రతి గోడకు అంటించి ఉండాలి. పరజను వల కంటె ఎక్కువగా తరిమేది నేల మాయమవడం. అభయారణ్యం గీత లోపల ఎంత కాపాడినా, రాత్రి మేతకు పోవడానికి గీత బయట తడినేల లేకపోతే అవి రావు.

సాయంత్రం ఐదున్నర. ఇప్పుడు పొలాల వైపు. వరి కోసేశారు, కొయ్యకాళ్ళ మధ్య మినుము మొలక లేచింది. పల్లపు మళ్ళలో ఇంకా నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఈసారి పడమటి ఆకాశానికి ఎదురుగా కూర్చోండి. ఉదయం పొద్దు వెనకుండాలన్నాను, ఇప్పుడు ఎదురుండాలి. రంగులు ఎలాగూ కనిపించవు, వెలుగుకు అడ్డంగా ఆకారమే గుర్తు.

పొద్దు మునిగింది. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. దోమలు. బాబాయి దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. మీరు లేద్దామనుకుంటున్నారు. ఆగండి.

సముద్రం వైపునుంచి మొదటి గుంపు. మెడలు పొడుగు, తోకలు సూది, రెక్కలు సన్నం, వేగం ఎక్కువ. పేరు మీరే చెప్పండి. వెనక ఇంకో గుంపు. తరువాతవి గుండ్రటి రెక్కలు, బద్ధకపు ఎగురుడు, ఈల. అవీ మీకు తెలుసు. ఒకటి మీ ముందు మడిలోకి దిగింది, గాలికి ఎదురుగా. నీళ్ళు చిమ్మిన చప్పుడు వినిపించేంత దగ్గర.

"పద్నాలుగు," అన్నారు మీరు గొణిగినట్టు.

"పదిహేను. ఎనకాల ఒకటి ఒంటరిగా వచ్చింది," అన్నాడు బాబాయి.

పదిహేను అని రాయండి.

అభయారణ్యం దాకా రాలేనివాళ్ళు మీ ఊరి చెరువు దగ్గరే మొదలుపెట్టవచ్చు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టూ కాలువ చివరి భూముల్లో, మురుగుకాలువల వెంట, ఊరచెరువుల్లో నవంబరునుంచి మార్చిదాకా పరజలు దిగుతాయి. ఈ జనవరిలో ఒక ఉదయం, ఒక సాయంత్రం పోయి లెక్కపెట్టండి. ఆ లెక్కను ఈబర్డ్ వెబ్‌సైటులో చేర్చండి, లేదా దగ్గరి కాలేజీ జంతుశాస్త్ర శాఖలో గణన చేసేవాళ్ళుంటే వాళ్ళకు ఇవ్వండి. చచ్చిన బాతు కాలికి లోహపు ఉంగరం కనిపిస్తే దాని మీది నంబరు రాసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలపండి. నీళ్ళ మీద కట్టిన వల కనిపిస్తే మీరే పీకబోకండి, చోటు గుర్తుపెట్టుకుని అటవీశాఖకు చెప్పండి. రోడ్డు పక్కన ఎవరైనా పరజ మాంసం చూపిస్తే కొనకండి, పక్కవాణ్ణీ కొననివ్వకండి.